క్రొత్త వంటయిల్లు – ఇంటిల్లిపాది ఆరోగ్యం

వంటయింటి నిర్మాణాన్ని గురించి సుశ్రుత సంహితలో ఎక్కడ చెప్పారో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ ప్రస్తావన విషాలను, విషచికిత్సలను వివరించే కల్పస్థానంలో, మొట్టమొదటి అధ్యాయంలోనే ఉన్నది. వంటశాలను మన ప్రాచీనులు మహానసం అన్నారు. అది ప్రశస్తమైన దిక్కున, మంచి ప్రదేశంలో, విశాలంగా, పరిశుభ్రంగా ఉండాలని, పాత్రలు శుచిగా ఉండాలని, జాలీలు అమర్చిన కిటికీలు మెండుగా ఉండాలని, గడ్డీ గాదం చేరకూడదని, పైన చాందినీ కట్టి ఉండాలని, నమ్మకమైనవారే అందులో మసలాలని సుశ్రుతుడు విధించాడు. వంటవారు గోళ్ళు, జుట్టు కురచగా కత్తిరించుకొని, స్నానం చేసి, తలకు పాగా చుట్టుకొని పనిచేయాలన్నాడు. అన్నం వండేవారు, పప్పు వండేవారు, అప్పాలు చేసేవారు అందరూ వైద్యుని అదుపాజ్ఞలలో ఉండాలన్నాడు.

ఇదంతా రాజుగారి వంటశాలను గురించి చెప్పిన మాట. శత్రువులు అన్నంలో విషం కలుపుతారేమోనన్న భయం ఆనాటి రాజులది. మధ్యతరగతి గృహస్థులమైన మనకు అటువంటి శత్రువులు లేరు గాని, విషాలు లేకపోలేదు. తలుపులు మూసిన గదిలో మిరపకాయల ఘాటు, కాగిన నూనె పొగ, సింకు క్రింద ఆరని తేమ, ఆ తేమను ఆశ్రయించే బొద్దింకలు, తెలియకుండా నేలమీద పేరుకొనే గ్యాసు వంటివన్నీ వంటయింటి నుండి మన మీదికి వచ్చేవే. కనుక క్రొత్తగా వంటయిల్లు అమర్చుకొనేవారు అలమారల రంగు ఎంచుకొనడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది. ఈ గది నుండి ఇంటిల్లిపాది ఒంటిలోనికి ఏవేవి చేరుతాయి? రోజుకు నాలుగైదు గంటలు ఇందులో నిలబడే మనిషి ఎంత అలసిపోతుంది?

మా పాత వంటయింటిని పడగొట్టి క్రొత్తది కట్టించవలసి వచ్చినప్పుడు మా యింట్లో ఆరుగురం ఉన్నాము. డెబ్బయి దాటిన మా అత్తగారికి చాలాకాలంగా ఉబ్బసం. పోపు వేసిన ప్రతిసారీ ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వీధి అరుగు మీదికి వెళ్ళిపోయేవారు. నా నడుము నొప్పి సంగతి సరేసరి. అందువల్ల ఈ విషయాన్ని నేను పుస్తకాలలో చదివి కొంత, మేస్త్రితోను వడ్రంగితోను వాదులాడి మరికొంత తెలుసుకొన్నాను.

దిక్కు మాట, గాలి మాట

వంటయిల్లు ఆగ్నేయమూల ఉండాలని, వండేవారు తూర్పుముఖంగా నిలబడాలని వాస్తు పాటించేవారు కోరుకొంటారు. స్వంత స్థలంలో కట్టుకొనేవారికి ఇందులో ఇబ్బంది లేదు. ఉదయపు ఎండ పడే గదిలో తేమ కూడా త్వరగా ఆరుతుంది. కాని అపార్టుమెంటు కొనుక్కొన్నవారు మూల కుదరలేదన్న దిగులుతో, ఉన్న ఒక్క కిటికీని మూసివేసి పొయ్యిని అక్కడికి జరపడం నేను చూశాను. ఇది తగదు. ప్రశస్తమైన దిక్కు అన్న సుశ్రుతుడే గవాక్షాలు మెండుగా ఉండాలని కూడా అన్నాడు. రెండింటిలో ఒకటే సాధ్యమైనప్పుడు నేను కిటికీ పక్షాన నిలుస్తాను.

కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది గనుక పొగ బెడద తీరిందని మనం అనుకొంటాము. కట్టెపొగతో పోల్చినప్పుడు గ్యాసు ఎంతో మేలన్నది నిజమే. ఆ పొగను వదిలించే ప్రయత్నం మన ప్రాంతంలో పాతదే. 1950ల దశకంలోనే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో కూడిన మట్టిపొయ్యిని ప్రచారం చేసి, సామాన్యుల ఇళ్ళకు పొగలేని వంటయిళ్ళు కావాలంటూ పుస్తకం వ్రాశారు. అయితే గ్యాసు మంట నుండి కూడా నత్రజని డయాక్సైడు అనే వాయువు వెలువడుతుంది. ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను అది ఒరిపిడి పెడుతుంది. పైగా ఇంగువ, ఆవాలు, ఎండుమిరపకాయలు కాగిన నూనెలో పడనిదే మనకు వంట పూర్తి కాదు. పొయ్యి ఏదైనా ఆ ఘాటు తప్పదు.

వేడిగాలి పైకి పోతుంది. కనుక అది బయటికి పోయే మార్గం పొయ్యికి పైన, వీలైనంత దగ్గరగా ఉండాలి. మంచిగాలి వచ్చే మార్గం అందుకు ఎదురుగా, కాస్త దిగువన ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యానును పొయ్యికి దూరంగా ఎదురుగోడకు బిగిస్తే, పొగ గదంతా తిరిగి, వండేవారి ముఖం మీదుగానే బయటికి పోతుంది. ఫ్యాను తిరుగుతున్నది గదా అని మనం తృప్తి పడుతూ ఉంటాము. కిటికీని సరిగ్గా పొయ్యి వెనుక పెట్టించడం కూడా మంచిది కాదు. గాలికి మంట రెపరెపలాడుతుంది, కొన్నిసార్లు ఆరిపోయి గ్యాసు మాత్రం వస్తూ ఉంటుంది. కిటికీ పొయ్యికి ఒక ప్రక్కగా ఉంటే చాలు. దానికి సన్నని జాలీ తప్పనిసరి.

చిమ్నీ పెట్టించుకొనేవారు దానిని పొయ్యికి 65 నుండి 75 సెంటీమీటర్ల ఎత్తున, తయారీదారు చెప్పిన కొలతను అనుసరించి బిగించుకోవాలి. గొట్టం గోడ దాటి బయటికి పోవాలి. గొట్టం లేని రకాలు నూనె జిడ్డును పట్టుకొని, మిగిలిన గాలిని తిరిగి గదిలోనికే వదులుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే వాటివల్ల ప్రయోజనం స్వల్పం.

హాలుకు, వంటయింటికి మధ్య గోడ లేకుండా కట్టడం ఇప్పుడు పరిపాటి అయింది. చూడడానికి బాగుంటుంది, వండేవారు ఒంటరిగా ఉండరు. అయినా చేపల పులుసు, గుమ్మడికాయ వడియాల వేపుడు చేసుకొనే ఇంటికి ఈ పద్ధతి సరిపడదని నా అభిప్రాయం. జరిపే అద్దాల తలుపు ఒకటి పెట్టుకొంటే మాటామంతీకి లోటుండదు, పోపు వేళ మూసుకోవచ్చు.

గ్యాసును గురించి ఒక్కమాట. బండలో వచ్చే గ్యాసు గాలికన్న బరువైనది. కారితే నేలమీద పరచుకొంటుంది. కనుక 14.2 కిలోల బండను నిలువుగా, నేలమట్టంలోనే ఉంచాలి. దానిని అలమారలో దాచేటట్లయితే ఆ తలుపు అడుగున గాలి రంధ్రాలు ఉండి తీరాలి. గొట్టాల ద్వారా ఇంటికి వచ్చే సహజవాయువు అందుకు విరుద్ధం. అది తేలిక గనుక పైకప్పు క్రింద చేరుతుంది, దాని రంధ్రాలు పైన ఉండాలి. రబ్బరు గొట్టాన్ని 5 సంవత్సరాలకు ఒకసారి మార్చుకోవాలి. వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. తలుపులు తెరిచి, రెగ్యులేటరు కట్టివేసి, ఇంటి బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.

గట్టు ఎత్తు, నడుము బాధ

మా అమ్మమ్మల కాలంలో వంట అంతా కూర్చొని చేసేదే. పొయ్యి, రోలు, కత్తిపీట అన్నీ నేలమీదే. మోకాళ్ళకు ఆ పద్ధతిలో శ్రమ ఎక్కువే గాని, గంటలకొలదీ ఒకేచోట నిలబడవలసిన అవస్థ లేదు. ఇప్పుడు నిలబడి వండుతున్నాము గాని, ఆ గట్టు ఎవరి ఎత్తుకు తగినట్లు కట్టారో మనలో ఎవరమూ అడగము. నేను అడిగినప్పుడు మేస్త్రి, "అందరిళ్ళల్లోనూ ముప్పైమూడు అంగుళాలే పెడతామమ్మా" అన్నాడు.

లెక్క ఏమంత కష్టమైనది కాదు. చెప్పులు వేసుకొని వంట చేసే అలవాటుంటే చెప్పులతోనే నిటారుగా నిలబడి, మోచేయి వంచి, నేల నుండి మోచేతి వరకు కొలవాలి. అందులో 10 నుండి 15 సెంటీమీటర్లు తగ్గిస్తే కూరలు తరుగుకొనే గట్టు ఎత్తు వస్తుంది. 5 అడుగుల స్త్రీకి ఇది సుమారు 32 నుండి 34 అంగుళాలు. 5 అడుగుల 5 అంగుళాలున్న మా కోడలికి 35 అంగుళాలకు పైనే. కాబట్టి మేస్త్రి చెప్పిన కొలత నాకు సరిపోయింది, ఆమెకు సరిపోలేదు. ఎక్కువసేపు వండేవారి కొలతకు గట్టు కట్టించి, పొడగరులకు రెండంగుళాల మందం గల చెక్కపీట ఒకటి గట్టు మీద వేసి ఇవ్వడం మేము ఎంచుకొన్న పరిష్కారం. పొట్టివారు ఎత్తయిన గట్టు దగ్గర భుజాలు ఎగదన్ని పనిచేయడం కన్న ఇది సుఖం.

పొయ్యి దగ్గర లెక్క మారుతుంది. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె. గరిట తిప్పే చెయ్యి భుజం ఎత్తుకు లేస్తుంది. కనుక పొయ్యి పెట్టే భాగాన్ని మిగిలిన గట్టు కన్న ఒక నాలుగు అంగుళాలు దించి కట్టించుకొంటే మేలు. చపాతీ పిండి పిసకడానికి కూడా ఆ దిగువ గట్టే అనుకూలం. బలం పెట్టే పనికి చెయ్యి ఇంకా క్రిందికి దిగాలి. గట్టు ఒకే వరుసలో లేకపోతే అందం చెడుతుందని మేస్త్రి అంటాడు. అతని మాట నిజమే గాని ఆ గట్టు దగ్గర రోజూ నిలబడేది అతను కాదు.

ఈ కొలతలు కాగితం మీద తేల్చుకొనేవి కావు. గట్టు పోయించక ముందే ఇటుకలు పేర్చి, వాటిమీద ఒక పలక వేసి, పది నిమిషాలు కూరలు తరిగి చూడండి. మెడ వంగుతున్నదా, భుజం లేస్తున్నదా అన్నది శరీరమే చెబుతుంది. గట్టు అడుగున, నేలను ఆనుకొని, పాదం ముందుభాగం దూరేటట్లు మూడు అంగుళాల లోతు, నాలుగు అంగుళాల ఎత్తు గల ఖాళీ వదలమని వడ్రంగికి చెప్పాలి. అది లేకపోతే మనిషి గట్టుకు దూరంగా నిలబడి, నడుము వంచి పని చేయవలసి వస్తుంది. ఎక్కువసేపు నిలబడేవారు ఆరంగుళాల ముక్కాలిపీట మీద ఒక పాదం, కొంతసేపటికి రెండో పాదం మార్చి మార్చి పెట్టుకొంటే నడుముకు ఎంతో విశ్రాంతి.

పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటి మధ్య నడక కూడా కొలవదగినదే. మూడు దూరాలూ కలిపి 13 అడుగులకు తగ్గకుండా, 26 అడుగులు దాటకుండా ఉండాలన్న సూత్రం 1940ల దశకంలో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశీలనల నుండి వచ్చింది. మన వంటయింటికి గ్రైండరు, మంచినీళ్ళ బిందె అదనం. వాటిని కూడా ఆ త్రోవలోనే అమర్చుకోవాలి. గంజి వార్చే అలవాటున్న ఇంట్లో పొయ్యికి, సింకుకు మధ్య ఒక చేతివెడల్పు గట్టు తప్ప మరేమీ ఉండరాదు. మరుగుతున్న గిన్నెతో నడవడం అంత ప్రమాదం మరొకటి లేదు.

రాయి, కొయ్య, తేమ

గట్టుకు కడప బండ చవక, చల్లన. కాని అది సున్నపురాయి జాతికి చెందినది. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది. గూళ్ళకు, అటకకు దానిని వాడి, గట్టుకు గ్రానైటు వేయించుకోవడం సబబు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు ఎగుమతి అయ్యే అందగత్తె. అయితే నల్లని గట్టు మీద చీమ, మసి, మరక కనిపించవు. మురికి కనిపించని గట్టు శుభ్రమైన గట్టు కాదు గదా. నేను లేత బూడిదరంగు తీసుకొన్నాను. రోజుకు రెండుసార్లు తుడవవలసి వస్తున్నది, తుడుస్తున్నాను. నేలకు మాత్రం నునుపు రాళ్ళు వద్దు. నీళ్ళు, నూనె పడే చోట గరుకు పలకలే వేయించాలి.

సింకు క్రింద అలమార పెట్టి మూయడాన్ని నేను అంగీకరించలేదు. అక్కడ కారే చుక్క కనబడదు, చీకటిలో తేమ ఆరదు. బొద్దింకల విసర్జనలు, పొట్టు దుమ్ములో కలిసి ఉబ్బసాన్ని రేపుతాయన్నది వైద్యులందరూ ఒప్పుకొన్న విషయం. ఆ భాగం తెరిచి ఉంచి, పలకలు అంటిస్తే కడిగి ఆరబెట్టుకోవచ్చు. అలమారల కొయ్య విషయంలో పొదుపు చేయవద్దు. నొక్కిన పొట్టుతో చేసిన చెక్క నీరు తగిలితే ఉబ్బుతుంది. ఐ.ఎస్. 710 గుర్తు ఉన్న ప్లైవుడ్డు నీటికి నిలుస్తుంది. అన్నివైపులా అలమారలు చేయించుకోలేకపోతే, సగమే చేయించుకొని మిగిలినచోట రాతి గూళ్ళు ఉంచుకోవడం మంచిది.

పోపులపెట్టె, మందుల గూడు

సంబారాలను పొయ్యి పైనున్న గూటిలో పెట్టడం అందరిళ్ళలోనూ చూస్తాము. చేతికి అందుతుంది గాని, వేడికి, ఆవిరికి వాటి సుగంధం, అందుతోపాటే గుణం నశిస్తాయి. పసుపు వెలుతురుకు కూడా ఓర్వదు. పొయ్యికి ఒక బార దూరంలో, ఎండ తగలని చోట ఒక సొరుగు వాటికి కేటాయించండి. ఊరగాయ జాడీలకు నేలకు కాస్త ఎత్తున, తడి చెయ్యి పడని, చీకటి గూడు అవసరం. పప్పులకు, బియ్యానికి గాలి చొరని డబ్బాలు. బియ్యంలో నాలుగు రెమ్మలు ఎండు వేపాకు వేసే అలవాటు వదులుకోవలసిన అవసరం లేదు.

పాత్రల విషయంలో మన శాస్త్రాలు ఎంతో సూక్ష్మంగా ఆలోచించాయి. నేతిని ఇనుప పాత్రలో, పుల్లని వంటకాలను రాతిపాత్రలో, నీటిని, పానకాన్ని మట్టిపాత్రలో వడ్డించాలని సుశ్రుతుడు చెప్పాడు. మన పెద్దలు పులుసును రాచ్చిప్పలో కాచడం ఈ కోవలోనిదే. పులుపు రాతిని సులభంగా తినలేదు, రాగిని మాత్రం కరిగిస్తుంది. కనుకనే రాగిచెంబులో మజ్జిగ, నిమ్మరసం పోయరాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి ఉండాలి. కంచుపాత్రలో పదిరోజులు నిలవున్న నేతిని వర్జించమని అష్టాంగహృదయం హెచ్చరిస్తున్నది. మంచినీటికి రాగిబిందె పెట్టుకోవడం మంచిదే. రాగిపాత్రలో 16 గంటలు నిలవ ఉంచిన నీటిలో అతిసారాన్ని కలిగించే సూక్ష్మజీవులు నశించాయని 2012లో ప్రచురితమైన బెంగుళూరు పరిశోధకుల అధ్యయనం తెలుపుతున్నది. ఆ బిందెకు సింకు తుంపరలు పడని చోట, ఒక మూల ఎత్తయిన తిన్నె కట్టించుకోవాలి.

ఇంటి వైద్యం చేసుకొనే మన పాఠకులకు ఒక చిన్న మందుల గూడు విడిగా ఉండాలి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, త్రిఫల చూర్ణం, తేనె వంటివాటికి బిగుతైన మూత గల గాజుసీసాలు, ప్రతిదానిమీద పేరు, తయారుచేసిన తేదీ ఉండాలి. ఆ గూడు పిల్లలకు అందని ఎత్తున ఉండాలి. ఏడాది నిండని పసివానికి తేనె నాకించరాదన్న సంగతి ఇంటికి వచ్చే పెద్దలకు కూడా చెప్పవలసి వస్తుంది. కిటికీలో కలబంద కుండీ ఒకటి ఉంచుకోండి. చెయ్యి కాలితే మాత్రం మొదట చేయవలసింది కలబంద రాయడం కాదు. పసుపు, టూత్‌పేస్టు, మంచుగడ్డ కూడా కాదు. కుళాయి క్రింద చల్లని నీటిధారలో 20 నిమిషాలు ఉంచాలి. బొబ్బలు లేని చిన్న కాలుడయితే ఆ తరువాత కలబంద గుజ్జు రాయవచ్చు. బొబ్బలెక్కినా, కాలినచోటు అరచేతి కన్న పెద్దదయినా, ముఖం కాలినా, కాలినవారు పసిపిల్లలయినా వైద్యునివద్దకు వెళ్ళాలి.

ముసలివారికి ఒక పీట, పిల్లలకు ఒక సొరుగు

వంటయింటిలో ఒక్క మనిషే నిలబడే చోటు ఉంటే, ఇంటిపని ఆ ఒక్క మనిషిదే అవుతుంది. రెండో మనిషికి చోటు చూపడం నిర్మాణ సమయంలోనే జరగాలి. గట్టుకు, ఎదుటి అలమారకు మధ్య నాలుగు అడుగులు ఖాళీ ఉంటే ఇద్దరు ఒకరినొకరు రాసుకోకుండా తిరగవచ్చు. మా క్రొత్త వంటయింటిలో కిటికీ ప్రక్కన 28 అంగుళాల ఎత్తున ఒక చిన్న బల్ల, ఒక వీపు గల కుర్చీ వేయించాము. అది మా అత్తగారి స్థానం. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తారు, పెసరట్టు పిండి రుచి చెబుతారు, నేను ఉప్పు ఎక్కువ వేస్తే కనిపెడతారు. ఆవిడ ఉబ్బసం నయమైందని నేను అనను. మందులు వాడుతూనే ఉన్నారు. పోపు వేళ కొంగు అడ్డం పెట్టుకొని వీధిలోకి వెళ్ళడం మాత్రం మానేశారు.

మూడేళ్ళ మనుమరాలికి క్రింది సొరుగు ఒకటి పూర్తిగా ఇచ్చివేశాము. అందులో స్టీలు గిన్నెలు, చెక్క గరిటెలు. తనకంటూ ఒక సొరుగు ఉన్న తరువాత మిగిలినవి లాగడం తగ్గింది. కత్తులు, బ్లీచింగు, ఫినాయిలు తాళం ఉన్న పై అలమారలోకి చేరాయి. పొయ్యిని గట్టు అంచుకు కాక వెనుకకు పెట్టించి, గిన్నెల కాడలు లోపలివైపుకు తిప్పే అలవాటు ఇంటిల్లిపాదీ చేసుకోవాలి. మా వారు ఇప్పుడు ఉదయపు కాఫీ తామే కలుపుతున్నారు. కాఫీపొడి, పంచదార, ఫిల్టరు ఒకే గూటిలో పెట్టడం తప్ప నేను ఇందుకు వేరే ఉపాయం ఏమీ చేయలేదు.

సొమ్ము పరిమితమైనప్పుడు ముందుగా గాలి, నీరు, విద్యుత్తు పనులకు ఖర్చు చేయాలి. అవి గోడలో కలిసిపోయేవి, తరువాత మార్చాలంటే పగలగొట్టవలసినవి. గ్రైండరుకు, ఓవెనుకు విడివిడిగా 16 ఆంపియర్ల ప్లగ్గులు, వాటికి విద్యుద్ఘాతం నుండి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి, సింకుకు దూరంగా పెట్టించండి. తలుపులు, రంగులు, వ్రేలాడే దీపాలు వచ్చే ఏడాదికయినా వాయిదా వేసుకోవచ్చు.

మేస్త్రికి చివరి బాకీ చెల్లించే ముందు మూడు పరీక్షలు చేయండి. ఒక బకెట్టు నీళ్ళు నేలమీద పోసి, అవి తూము వైపుకే పోతున్నాయో, అలమార అడుగుకు పోతున్నాయో చూడండి. పొయ్యి దగ్గర అగరువత్తి వెలిగించి, ఫ్యాను వేసి, పొగ ఎటు తిరిగిందో గమనించండి. అటుపిమ్మట ఇంట్లో అందరికన్న పెద్దవారిని లోపలికి పిలిచి, వారి నిత్యావసర వస్తువు ఒకటి ఎవరి సాయం లేకుండా తీసుకోమనండి. వారు మునివేళ్ళ మీద నిలబడవలసి వస్తే, వడ్రంగి వెళ్ళకముందే ఆ గూడును దించి కట్టించండి.